చివరి ఐదు కిలోమీటర్లు ఎవరు మోస్తారు? పోస్టు, కొరియర్ల మధ్య అసలు తేడా

మా పిన్ని వాళ్లది వి.కోట దగ్గర ఒక చిన్న పల్లె. పోయినేడాది తిరుపతికి వచ్చి కంటి పరీక్ష చేయించుకుంది. అద్దాలు తయారు కావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. "నువ్వు తీసుకుని పంపించు నాయనా" అని నాకు అప్పజెప్పి ఊరికి వెళ్లిపోయింది. అద్దాలు రాగానే ఇంటి పక్కనున్న కొరియర్ అంగడిలో ఇచ్చేశాను. రెండో రోజుకే ఫోన్‌లో చూస్తే, ఆ ఊరికి దగ్గరున్న టౌనుకు కవరు చేరినట్టు కనిపించింది. ఆ తర్వాత నాలుగు రోజులూ అదే మాట. ఫోన్ చేసి అడిగితే విషయం బయటపడింది. ఆ పల్లెకు వాళ్ల మనిషి వెళ్లడట. పిన్నికి ఫోన్ చేశారట, ఆమె ఎత్తలేదట. పొలంలో సిగ్నల్ ఉంటే కదా ఎత్తడానికి! చివరికి మా బాబాయే బస్సెక్కి పోయి తెచ్చుకున్నాడు. ఆ నాలుగు రోజులూ పిన్ని బీపీ మాత్రల అట్ట మీద పేరు చదివించుకోవడానికి పక్కింటి పిల్లాణ్ణి పిలుచుకుంది.

అదే సంవత్సరం మా చెల్లెలి సర్టిఫికెట్లు బెంగళూరుకు పంపాల్సి వచ్చింది. సోమవారం మధ్యాహ్నానికి చేరకపోతే సీటు పోతుంది. మాకు ఆ సంగతి తెలిసింది శనివారం సాయంత్రం ఆరున్నరకు. పోస్టాఫీసు కౌంటర్ అప్పటికే మూసేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. బస్టాండు దగ్గర ఒక కొరియర్ ఆఫీసు తెరిచే ఉంది. అక్కడ ఇస్తే సోమవారం పదకొండు గంటలకల్లా చేతిలో పెట్టారు.

"పోస్టు మంచిదా, కొరియర్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే నాకు ఈ రెండు సంగతులూ గుర్తొస్తాయి. రెండింటినీ కట్టిన తీరే వేరు. పార్సిల్ ఎవరెవరి చేతులు మారుతుందో తెలిస్తే, దేన్ని ఎందులో వేయాలో తేల్చుకోవడం సులువు.

దారి ఎలా ఉంటుంది

పోస్టాఫీసులో మనం ఇచ్చిన పార్సిల్ సాయంత్రానికి సంచిలోకి వెళ్తుంది. ఆ సంచి సార్టింగ్ హబ్బుకు, అంటే పార్సిళ్లను ఊళ్లవారీగా విడదీసే చోటికి చేరుతుంది. రైల్వే మెయిల్ సర్వీస్ అని పాతకాలం నుంచి పిలుచుకునే విభాగం పని ఇదే. ఇప్పుడు రైళ్లతో పాటు లారీలు, విమానాలు కూడా వాడుతున్నారు. అక్కడి నుంచి ఇంకో హబ్బు, తర్వాత హెడ్ పోస్టాఫీసు లేదా సబ్ పోస్టాఫీసు, పల్లె అయితే చివరగా బ్రాంచి పోస్టాఫీసు. బ్రాంచి పోస్టాఫీసు అంటే చాలా చోట్ల ఒక చిన్న గది, రోజుకు కొన్ని గంటలు తెరిచి ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లను గ్రామీణ డాక్ సేవకులంటారు. పొద్దున బస్సులో వచ్చిన సంచి విప్పి, ఆ రోజు వచ్చిన ఉత్తరాలూ పార్సిళ్లూ పంచుతారు. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులుంటే, వాటిలో దాదాపు 90 శాతం పల్లెల్లోనే ఉన్నాయి.

ప్రైవేటు కొరియర్ దారి మొదట్లో ఇంతకంటే వేగంగా ఉంటుంది. మనం పార్సిల్ ఇచ్చే అంగడి చాలాసార్లు ఆ కంపెనీది కాదు, ఫ్రాంచైజీది, అంటే కంపెనీ పేరు పెట్టుకుని కమీషన్ మీద నడిపే వేరే మనిషిది. రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా కూడా తీసుకుంటారు. రాత్రికి రాత్రే వ్యాన్ చెన్నై వైపో బెంగళూరు వైపో బయల్దేరుతుంది. తిరుపతికి చెన్నై మూడు నాలుగు గంటల దూరమే. చిత్తూరుకైతే వేలూరు పక్కనే ఉన్నట్టు. అందుకే మన ప్రాంతం నుంచి చెన్నై, బెంగళూరులకు కొరియర్లు చాలా చురుగ్గా పనిచేస్తాయి. తెల్లారేసరికి పార్సిల్ అవతలి హబ్బులో ఉంటుంది.

చిక్కు అవతలి చివర వస్తుంది. అక్కడ కూడా డెలివరీ చేసేది ఇంకో ఫ్రాంచైజీయే. ఒక్కో కవరుకు అతనికి దక్కేది కొద్ది రూపాయలు. టౌనులో ఒక వీధిలో ఇరవై కవర్లు పంచితే గిట్టుబాటు అవుతుంది. ఒక్క కవరు కోసం పన్నెండు కిలోమీటర్లు బైకు మీద పల్లెకు పోతే పెట్రోలు ఖర్చు కూడా రాదు. అందుకే పల్లెలను డెలివరీ పరిధి బయట ఉన్నట్టు లెక్కిస్తారు. కొందరు అదనపు చార్జీ అడుగుతారు, ఇంకొందరు ఫోన్ చేసి "వచ్చి తీసుకెళ్లండి" అంటారు. ఆ కుర్రాళ్ల మీద నాకేమీ కోపం లేదు, వాళ్ల లెక్క వాళ్లది. కానీ ఈ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పాలి కదా! మనం అడగకపోతే చాలా అంగళ్లలో చెప్పరు.

పోస్టుకు ఈ గిట్టుబాటు లెక్క వర్తించదు. ఒక్క ఉత్తరం ఉన్నా పల్లెకు పోవాల్సిందే. ఆ శాఖను పెట్టిందే అందుకు. ఆన్‌లైన్‌లో సరుకులమ్మే పెద్ద సంస్థలు కూడా మారుమూల ఊళ్లకు పోస్టు సాయం తీసుకున్నాయంటే కారణం ఇదే. అయితే ఈ మధ్య ఆ సంస్థల సొంత డెలివరీ కుర్రాళ్లు మండల కేంద్రాలు దాటి పల్లెల్లోకి కూడా వస్తున్నారు. వాళ్లు మోసేది వాళ్ల దగ్గర కొన్న సరుకే. మనం ఇంటి నుంచి పంపే ఆవకాయ డబ్బాకు ఆ దారి పనికిరాదు.

పిన్‌కోడు చెప్పే సంగతులు

చిరునామాలో అందరూ చివర్లో హడావిడిగా రాసేది పిన్‌కోడు. నా మటుకు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అదే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరు అంకెల్లో మొదటిది ప్రాంతాన్ని చెప్తుంది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు కలిపితే సార్టింగ్ జిల్లా. చివరి మూడూ పార్సిల్ పంచే పోస్టాఫీసు. తిరుపతి 517501, చిత్తూరు 517001, తిరుమల 517504, శ్రీకాళహస్తి 517644. అన్నిటికీ ముందు 517 ఉంది చూడండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చాలామంది తికమక పడుతున్నారు. శ్రీకాళహస్తి ఇప్పుడు తిరుపతి జిల్లా, అయినా పిన్‌కోడు మారలేదు. సూళ్లూరుపేట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, దాని పిన్‌కోడు మాత్రం నెల్లూరు వైపుది, 524తోనే మొదలవుతుంది. జిల్లా పేరు పాతది రాసినా పార్సిల్ చేరుతుంది. పిన్‌కోడులో ఒక్క అంకె తప్పితే ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది.

ఇంకొకటి. పల్లెల్లో ఒకే పిన్‌కోడు కింద పది పదిహేను బ్రాంచి పోస్టాఫీసులు ఉండొచ్చు. మన వైపు కొత్తపల్లెలూ రామాపురాలూ ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అందుకే పోస్టులో పంపేటప్పుడు ఊరి పేరుతో పాటు బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం పేరు తప్పకుండా రాయాలి. కొరియర్‌కు వీటికంటే ముఖ్యం ఫోన్ నంబరు. పోస్ట్‌మ్యాన్‌కు వీధి తెలుసు, ఇంట్లో మనుషులు తెలుసు. కొరియర్ కుర్రాడికి తెలిసింది నంబరు ఒక్కటే. అవతలి మనిషి ఫోన్ ఎత్తకపోతే ట్రాకింగ్‌లో "ఇంట్లో ఎవరూ లేరు" అని పడుతుంది. కాబట్టి రెండు నంబర్లు ఇవ్వడం మంచిది.

ధర, దాని వెనక కొలత

పత్రాలు, చిన్న కవర్లకు స్పీడ్ పోస్టు లెక్క తేలిగ్గా ఉంటుంది. 2025 అక్టోబరు 1 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. 50 గ్రాముల లోపు కవరు ఊళ్లోనే అయితే 19 రూపాయలు, బయటికి దేశంలో ఎక్కడికైనా 47. 51 నుంచి 250 గ్రాముల దాకా ఊళ్లో 24, 200 కిలోమీటర్ల లోపు 59, రెండు వేల కిలోమీటర్లు దాటినా 77. వీటి మీద జీఎస్టీ అదనం. తిరుపతి నుంచి ఈశాన్య రాష్ట్రాల్లో ఉద్యోగం చేసే కొడుక్కి సర్టిఫికెట్ పంపాలంటే ఈ ధరకు సాటి వచ్చేది నాకు ఎక్కడా కనిపించలేదు. చెన్నైకి, బెంగళూరుకు మాత్రం కొరియర్ల రేట్లు కూడా అందుబాటులోనే ఉంటాయి. అంగడికీ అంగడికీ తేడా ఉంటుంది కాబట్టి రెండు చోట్ల అడిగి ఇవ్వాలి.

పుస్తకాలకు ఇంకో మంచి దారి ఉంది, చాలామందికి తెలియదు. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే సర్వీసు మొదలైంది. చదువుకు, సాహిత్యానికి సంబంధించిన పుస్తకాలు 300 గ్రాముల దాకా 20 రూపాయలకు, 5 కిలోల దాకా 100 రూపాయలకు వెళ్తాయి. నేల మీద దారిలో పోతుంది కాబట్టి రోజులు పడతాయి. చదివేసిన కోచింగ్ పుస్తకాలను ఊళ్లో తమ్ముడికి పంపే ఎస్వీ యూనివర్సిటీ పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి?

బరువైన పార్సిళ్ల దగ్గర అసలు మోసపోయేది తూకంలో కాదు, పెట్టె కొలతలో. కొరియర్లు బరువును రెండు రకాలుగా లెక్కిస్తాయి: ఒకటి కాటా మీద బరువు, రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి వేసే బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా చోట్ల 5000తో భాగిస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీ చీర ఒకటి 600 గ్రాములుందనుకుందాం. అందంగా ఉండాలని 40, 30, 10 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే 12,000ను 5000తో భాగించాలి. అంటే 2.4 కిలోలు. అదే చీరను మడిచి 30, 25, 4 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కవరులో పెడితే 0.6 కిలో. చీర అదే, బిల్లు మాత్రం నాలుగు రెట్లు. మాధవమాల ఊళ్లో చెక్కే చెక్క బొమ్మను 50, 40, 30 పెట్టెలో పెడితే బొమ్మ మూడు కిలోలే ఉన్నా పన్నెండు కిలోలకు కట్టాలి. పోస్టాఫీసులోనూ పార్సిల్ పెద్దదైతే కొలతలు వేస్తారు. కాబట్టి వస్తువుకు సరిపడా పెట్టె వెతకడానికి పెట్టే పది నిమిషాలు డబ్బు మిగులుస్తాయి. బొమ్మల్లాంటి వాటికి మాత్రం చుట్టూ నాలుగు వేళ్ల మందాన కాగితం ఉండలు కూరాల్సిందే, అక్కడ పిసినారితనం పనికిరాదు.

పోతే ఎవరు బాధ్యులు

ఈ భాగం నన్ను బాగా బాధపెట్టేది. రశీదు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో మనలో ఎవరం చదవం.

పోస్టు సంగతి ముందు చెప్తాను. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, ఉత్తరం పోయినా ఆలస్యమైనా దెబ్బతిన్నా ప్రభుత్వం తాను ప్రత్యేకంగా ఒప్పుకున్నంత మేరకే బాధ్యత వహించేది. ఆ చట్టాన్ని తీసేసి 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం తెచ్చారు, 2024 జూన్ 18న అది అమల్లోకి వచ్చింది. ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వానిదేనన్న పాత గుత్తహక్కు కొత్త చట్టంలో లేదు. కానీ బాధ్యత విషయంలో పాత ధోరణే కొనసాగింది. నియమాల్లో రాసినంత మేరకే బాధ్యత అని పదో సెక్షన్ చెప్తుంది. స్పీడ్ పోస్టు పోతే కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇచ్చే నియమం ఏళ్ల తరబడి నడిచింది. అంటే 70 రూపాయలు కట్టి పంపిన ఎనిమిది వేల కలంకారీ చీర పోతే చేతికొచ్చేది 140.

ప్రైవేటులో అయితే పూర్తి సొమ్ము వస్తుందని చాలామంది అనుకుంటారు. అదీ పొరపాటే. 1996లో సుప్రీంకోర్టు భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో తీర్పు ఇచ్చింది. జర్మనీకి పంపిన పత్రాల కవరు సమయానికి అందలేదు, పంపినవాళ్లకు పెద్ద నష్టం వచ్చింది. కానీ కొరియర్ రశీదు మీద బాధ్యత 100 డాలర్లకే పరిమితమని రాసి ఉంది, దాని మీద వాళ్ల సంతకం ఉంది. ఆ షరతుకు కట్టుబడాల్సిందేనని కోర్టు అంది. మనం అంగట్లో చకచకా సంతకం పెట్టే ఆ పలచని కాగితానికి అంత బలం ఉందన్నమాట.

కాబట్టి వస్తువు విలువ రెండు మూడు వేలు దాటితే బుకింగ్ అప్పుడే విలువ రాయించి, ఇన్సూరెన్స్ కట్టాలి. పోస్టులో ఆ సౌకర్యం ఉంది, పెద్ద కొరియర్లలోనూ ఉంది. అడగనిదే చెప్పరు. వస్తువు బిల్లు, ప్యాక్ చేసే ముందు తీసిన ఫొటో, మూసిన తర్వాత తీసిన ఇంకో ఫొటో, రశీదు, ఇవన్నీ ఫోన్‌లో పెట్టుకోండి. పగిలిన పెట్టె వస్తే, డెలివరీ మనిషి ముందే వీడియో తీసి, తీసుకున్నట్టు సంతకం పెట్టే చోట "పెట్టె చిరిగి ఉంది" అని రాయాలి. తర్వాత రాస్తే ఎవరూ వినరు.

నష్టపరిహారం తక్కువైనా పోస్టుకు ఒక బలం ఉంది. అది సాక్ష్యం. సరైన చిరునామా రాసి, రుసుము కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెప్తుంది. పొలం తగాదాలు, చెక్ బౌన్స్ నోటీసులు, ఉద్యోగ దరఖాస్తులు, వీటన్నిటికీ లాయర్లు పోస్టు రశీదే అడగడం అందుకే. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. చాలామంది "ఇక రిజిస్టర్డ్ లేదంట" అని కంగారు పడ్డారు. ఆ సౌకర్యం పోలేదు. మామూలు స్పీడ్ పోస్టు ఆ ఇంట్లో ఎవరికిచ్చినా చెల్లుతుంది. పేరున్న మనిషికే ఇవ్వాలంటే కౌంటర్ దగ్గర "రిజిస్ట్రేషన్ వేయండి" అని అడగాలి, అదనంగా 5 రూపాయలూ జీఎస్టీ. ఓటీపీ చెప్తేనే ఇచ్చే ఏర్పాటుకు కూడా అంతే. నోటీసు పంపే మనిషి ఆ ఐదు రూపాయల దగ్గర ఆలోచించకూడదు.

లడ్డు, ఆవకాయ, మామిడి

తిరుపతిలో ఉన్నవాళ్లకు బంధువులు ఎక్కువ. ఎవరు కొండకు వెళ్లొచ్చినా నాలుగూళ్లకు ప్రసాదం పంపాలి. లడ్డు నెయ్యి దిగి కవరును తడిపేస్తుంది. ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద గట్టి డబ్బా, దాని చుట్టూ కాగితం, ఈ వరసలో కట్టాలి. ఆవకాయకైతే గాజు సీసా వద్దే వద్దు. నూనె కారితే పక్క పార్సిళ్లు కూడా పాడవుతాయి కాబట్టి పోస్టులోనైనా కొరియర్‌లోనైనా అభ్యంతరం చెప్తారు. అగ్గిపెట్టెలు, సెంటు సీసాలు, బ్యాటరీల్లాంటివి విమానంలో ప్రమాదం, వాటిని దాచి పంపొద్దు. మామూలు కవర్లో నోట్ల కట్ట పెట్టి పంపడం కూడా నియమాలకు విరుద్ధం. ఫోన్‌లో డబ్బు పంపే ఈ రోజుల్లో కూడా పెళ్లి చదివింపులని అలా పంపేవాళ్లను చూశాను.

మామిడి కాయల బుట్టకు రెండు దారులూ సరిపోవు. దానికి ఆర్టీసీ కార్గోనే నయం. బస్టాండులో పార్సిల్ కౌంటర్‌లో ఇస్తే ఆ రాత్రి బస్సుకే ఎక్కుతుంది, అవతలి బస్టాండులో మనవాళ్లు దించుకుంటారు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు చిన్న వ్యాపారులు విడిభాగాలూ మందులూ ఎక్కువగా పంపేది ఇలాగే. బస్టాండుకు పోగలిగిన మనిషి అటువైపు ఉండాలి, అంతే.

విదేశాలకు పంపేటప్పుడు ధర కంటే కస్టమ్స్ ముఖ్యం. 2025 ఆగస్టు 29న అమెరికా, చిన్న పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. దానికి కొద్ది రోజుల ముందే మన పోస్టు అమెరికాకు పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం ఇక్కడ బుకింగ్ అప్పుడే కడతాం. కొరియర్‌లో పంపేవాళ్లు "సుంకం నేను కట్టాలా, అవతల మా అమ్మాయి కట్టాలా?" అని ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేకపోతే పచ్చళ్ల డబ్బా కంటే సుంకం బిల్లు ముందు చేరుతుంది.

ఏదైనా తేడా వస్తే ఊరుకోవద్దు. పోస్టుకు టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868. ఫిర్యాదు నంబరు రాసుకుని హెడ్ పోస్టాఫీసుకు రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. కొరియర్ మీద అయితే ముందు ఆ కంపెనీకి ఈమెయిల్, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ కేసు రెండేళ్లలోపు వేయాలి.

ఈ నెల మా పిన్నికి మళ్లీ ఒక పార్సిల్ పంపాను. ఈసారి మందులు. స్పీడ్ పోస్టులో వేశాను. చిరునామాలో బాబాయి పేరు, ఊరి పేరు, దాని కింద బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం, పిన్‌కోడు పెద్ద అక్షరాల్లో రాశాను. నాలుగో రోజు పొద్దున పోస్ట్‌మ్యాన్ సైకిలు ఇంటి ముందు ఆపి, "పిన్నమ్మా, తిరుపతి నుంచి వచ్చింది" అని పిలిచి ఇచ్చాడట. మాత్రల పేర్లు తానే చదివి, సరిగ్గా వచ్చాయని సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది.